సగం తెరిస్తేనే పలికే ఫోను

ఇప్పుడు ఫోనంటే ఒక అద్దం ముక్క. నిమిరితే పలుకుతుంది, నిమిరితే ఊరుకుంటుంది. దానిమీద ప్రేమ వచ్చినా, కోపం వచ్చినా మనం చేయగలిగింది ఆ నిమరడం ఒక్కటే. ఫోనును తలుపులాగా తెరిచి మాట్లాడి, టప్‌మని మూసి ముగించే కాలం ఒకటి ఉండేదని చెబితే మా అమ్మాయి నా వైపు జాలిగా చూస్తుంది. మరీ తాతల కాలం కాదు, నా నెత్తిన జుట్టు నిండుగా ఉన్న కాలం. ఆ రోజుల్లో నా షర్టు జేబులో పల్చని మడత ఫోను ఒకటి ఉండేది. దాని మూలంగా నా పెళ్ళి కుదిరిందో, దాన్ని దాటుకుని కుదిరిందో ఇప్పటికీ తేల్చుకోలేను. (మా ఆవిడను అడిగితే "రెండూ కాదు, నా ఓపిక వల్ల" అంటుంది. ఆమె మాట తర్వాత విందాం.)

ముందుగా నా చేతుల గురించి చెప్పాలి. అవి ఊరికే ఉండవు. బడిలో పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, ఇంకు ఆరబెట్టినవాణ్ణి. ఇంట్లో టార్చిలైటు బటన్ నొక్కి నొక్కి బ్యాటరీలు చంపినవాణ్ణి. పెరంబూరులో మా అవ్వ వచ్చేపోయేవాళ్ళందరికీ "ఈడి చేతులు నిద్రలో గూడా కుదురుగా ఉండవు. ఏం పాపం చేసినాయో" అని చెప్పి నవ్వేది. అలాంటివాడికి దేవుడు ఇచ్చిన ఉద్యోగం చూడండి: అంబత్తూరు ఎస్టేట్‌లో, బీరువా తలుపులకు మడతబందులు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ చూసే పని. తెరవాలి, మూయాలి, తెరవాలి, మూయాలి. ఏ మడతబందు ఎంత తెరిస్తే అరుగుతుందో, ఎక్కడ వదులవుతుందో ఇట్టే పట్టేసి పక్కన పారేసేవాణ్ణి. మా ఫోర్‌మన్ నన్ను మెచ్చుకునేవాడు కూడా. పొద్దంతా జీతానికి తెరిచి మూసి, సాయంత్రం ఇంటికి వచ్చి సరదాకు ఫోను తెరిచి మూసేవాణ్ణి. ఈ రెంటికీ ఏదో సంబంధం ఉందని నాకు ఒక్కనాడూ తోచలేదు.

ఫోను గుణాలు చెప్పుకోవాలంటే చాలా ఉన్నాయి. అంత పల్చని ఫోను అప్పటికి మా వీధిలో ఎవరి దగ్గరా లేదు. లోపల మీటలన్నీ ఒకే రేకు మీద చెక్కినట్టుండి, తెరవగానే నీలంగా వెలిగేవి. బయట చిన్న కిటికీలో టైము కనిపించేది, ఎవరు పిలుస్తున్నారో పేరు కనిపించేది. తెరిస్తే పలికినట్టు, మూస్తే పెట్టేసినట్టు, వేరే బటన్‌తో పనే లేదు. ఎవడైనా విసిగిస్తే చటుక్కున మూసేసినప్పుడు వచ్చే ఆ చప్పుడులో ఒక తృప్తి ఉండేది, ఇప్పటి ఫోన్లు ఎంత ఖరీదైనవైనా ఆ తృప్తి ఇవ్వలేవు. జేబులో పెడితే ఉన్నట్టే తెలిసేది కాదు. (ఇదే దాని మొదటి లోపం కూడా. పండుగ బోనసంతా పోసి కొన్నది ఉన్నట్టు ఎవరికీ తెలియకపోతే ఎలా? అందుకని మాటిమాటికీ బయటికి తీయాల్సి వచ్చేది.) మా అవ్వ మాత్రం దాన్ని చూసి "ఏందిరా, ఆడపిల్లోళ్ళ పౌడరు డబ్బా మాదిరి ఉండాది" అని తేల్చేసింది.

ఇక లోపాలు. ఛార్జింగు సాయంత్రానికి చచ్చేది. దాంతో ఫొటో తీస్తే అందరూ ఆవిరి పట్టిన అద్దం వెనక నిలబడినట్టు వచ్చేవాళ్ళు. ఇవన్నీ సర్దుకుపోయేవే. అసలు లోపం మడత దగ్గర. పై రేకుకూ కింద రేకుకూ మధ్య రిబ్బనులాంటి సన్నని తీగ ఒకటి ఉంటుందట. తెరిచి మూసినప్పుడల్లా అది నలుగుతుంది. మామూలు మనిషి చేతిలో ఏళ్ళు వచ్చేది నా చేతిలో నెలలకే నీరసించింది. పూర్తిగా తెరిస్తే బొమ్మ పోయి నల్లబడేది, అవతలివాళ్ళ గొంతూ పోయేది. సగం తెరిచి పట్టుకుంటే మాత్రం బుద్ధిగా పలికేది. అందులోనూ లెక్కుంది: కాస్త ఎక్కువ తెరిస్తే మూగ, కాస్త తక్కువ తెరిస్తే మూసేశాననుకుని కాల్ కట్. కాబట్టి సగం తెరిచిన ఫోను పై రెక్కను చెవికి ఆనించి, అవతలివాళ్ళు చెప్పేది విని, మళ్ళీ కింది రెక్కను నోటి దగ్గరికి తెచ్చుకుని జవాబు చెప్పి, మళ్ళీ చెవి దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. చూసేవాళ్ళకు నేను ఫోనుతో పాలకోవా తింటున్నట్టు ఉండేదట. బాగు చేయించవచ్చు కదా అంటారా? బాగుచేసేవాడి దగ్గర వదిలేసి చేతులు ఖాళీగా ఎలా ఉండను?

ఈ స్థితిలో ఉండగా నాకు పెళ్ళిచూపులు వచ్చాయి. వాషర్‌మన్‌పేటలో ఉండే అమ్మాయి. మాలాగే తరాల నాడే ఈ తమిళ నగరానికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు. తండ్రి లేడు, తల్లీ తనూ మేనమామ ఇంట్లో ఉండేవాళ్ళు. ఆ మేనమామకు సౌకార్‌పేటలో రిబ్బన్లు, రబ్బరు బ్యాండ్లు, జడపిన్నులు అమ్మే హోల్‌సేల్ కొట్టు ఉండేది. మేము ఆయన్ను రిబ్బన్ల మామ అనుకునేవాళ్ళం. అమ్మాయి ఆ కొట్టుకు దగ్గరలోనే పెళ్ళికార్డులు అచ్చువేసే ప్రెస్సులో కంప్యూటర్ మీద పనిచేసేది. నేను ఆ రోజు ఆమె మొహం సరిగా చూడలేకపోయానని చెబితే నమ్మండి. భయంతో తలెత్తలేదు. కాఫీ గ్లాసు అందించిన చేయి చూశాను, వేలికి ఇంకు మరక చూశాను, వెళ్ళేటప్పుడు ఒక్కసారి నవ్వాపుకుంటున్న పెదవులు చూశాను. అంతే. ఇంటికి వచ్చిన క్షణం నుంచీ ఆ నవ్వు దేనికోసమో తెలియక నాకు నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు. నాకు ఆ అమ్మాయే కావాలి. ఇంత తొందరగా, ఇంత తక్కువ చూసి, ఇంత గట్టిగా నేను జీవితంలో ఇంకేదీ కోరుకోలేదు.

జవాబు ఇవ్వడానికి వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. మాట మేనమామే చెప్పాలి. పెళ్ళికొడుక్కే నేరుగా చెప్పాలి. రాహుకాలం, యమగండం తగలకూడదు. అన్నిటికీ మించి కొట్టులో కూర్చుని చెప్పకూడదు, ఎందుకంటే కొట్టులో నోట్లోంచి వచ్చేదంతా బేరం మాటేనట, దానికి విలువ ఉండదట. అందుకని రిబ్బన్ల మామ కొట్టులో ఫోను పెట్టుకుని కూడా, ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర, రూపాయి బిళ్ళ వేస్తే పలికే కాయిన్ బాక్సు నుంచి శుక్రవారం మధ్యాహ్నం పిలుస్తానని కబురు పంపాడు. ఇది విని మా అవ్వ నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పింది: "ఆయన చెప్పేదంతా ఇను. మద్దెలో నువ్వు నోరు తెరవొద్దు. పెద్దోళ్ళు ఫోను పెట్టినాకనే నువ్వు పెట్టాల. మంచి మాట మద్దెలో తెగితే అచ్చిరాదు. ఆ పౌడరు డబ్బాను మాత్రం ఆడించకుండా ఉండు నాయనా, నీకు పుణ్యముంటాది."

ఆ శుక్రవారం నేను ఎన్ని మడతబందులు చూశానో, చూడకుండా ఎన్ని వదిలేశానో ఆ బీరువాలు కొన్నవాళ్ళకే తెలియాలి. పన్నెండు దాటింది, రాహుకాలం పోయింది. క్యాంటీన్ వెనక వేపచెట్టు కింద నిలబడ్డాను. కూర్చున్నాను. మళ్ళీ నిలబడ్డాను. ఫోను మోగింది. తెరిచాను, కొలిచినట్టు సగానికే.

"ఏమబ్బాయా, బాగుండావా? అవ్వ బాగుండాదా? మోకాళ్ళ నొప్పి తగ్గినాదా?"

ఫోను నోటి దగ్గరికి. "తగ్గింది మామా." ఫోను చెవి దగ్గరికి.

"సరే సరే. ఇంకేం లేదబ్బాయా, మేమంతా కూసోని మాట్లాడుకున్నాం. మా అక్క ఉండాది, నేను ఉండా, ఊర్నించి మా చిన్నాయన గూడా వచ్చినాడు. ఈ కాలంలో పిల్లని అడక్కుండా యాడ కుదురుతాది, చెప్పు పా. అందుకని పాపని గూడా అడిగినాం. పాప ఏమనిందంటే..."

నా గుండె ఒక్క ఎగురు ఎగిరింది. గుండెతో పాటు బొటనవేలూ ఎగిరింది.

టప్.

నేను ఆ చప్పుడును ఎంత ప్రేమించానో ముందే చెప్పాను కదా. ఆ ఒక్కసారి మాత్రం అది నా చెంపమీద పడినట్టు వినిపించింది. వెంటనే ఆ నంబరుకు తిరిగి చేశాను. చాలాసేపు మోగాక ఎవరో తీశారు. "ఇదు టీ కడై సార్, అవరు పోయిట్టారు" అన్నాడు టీకొట్టతను, ఆయన వెళ్ళిపోయాడని. ఏమైనా చెప్పి వెళ్ళాడా అని అడిగితే, చెప్పలేదు, కాసేపు రిసీవరునే చూస్తూ నిలబడి, దాన్ని పెట్టేసి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడని తమిళంలో వివరించాడు. ఆ "టీ కూడా తాగకుండా" అన్నదాన్ని ఇంకోసారి చెప్పించుకుని విన్నాను. కొట్టు ఫోనుకు చేద్దామంటే ధైర్యం చాలలేదు, పైగా మళ్ళీ ఈ ఫోనుతోనే చేయాలి. పాప ఏమనిందంటే... ఏమనింది? "ఒద్దు" అంటే ఇంత ఉపోద్ఘాతం దేనికి? "సరే" అంటే మోకాళ్ళ నొప్పి సంగతి దేనికి? నేను ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి సెలవు అడిగితే, అంతకుముందు నేను సరేనని పంపిన పెట్టె తిరిగి నా ముందు పెట్టి, "ఇదంతా మళ్ళీ చూసి పో" అన్నాడు. అందులో సగం మడతబందులు కిర్రుమంటున్నాయి. అవన్నీ ఏరి పక్కన పారేశాకే బయటపడ్డాను.

లోకల్ రైల్లో తలుపు దగ్గర నిలబడి, అంబత్తూరు నుంచి సెంట్రల్ దాకా ఆ ఫోనును ఎన్నిసార్లు తెరిచి మూశానో నాకు తెలియదు. పక్కన నిలబడ్డ పూలబుట్ట ఆవిడకు తెలుసు. విల్లివాక్కం దగ్గర ఆమె "కొంచెం సుమ్మా ఇరు పా" అని, కాస్త ఊరికే ఉండమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. సెంట్రల్‌లో దిగి ఆటో ఎక్కితే అది సౌకార్‌పేట మొదట్లోనే ఇరుక్కుపోయింది. దిగి నడిచాను, నడక చాలక పరిగెత్తాను, తోపుడుబండ్ల మధ్య పరుగు కుదరక మళ్ళీ నడిచాను. చెమటతో రిబ్బన్ల మామ కొట్టు ముందు ప్రత్యక్షమయ్యేసరికి ఆయన ఎర్రరిబ్బను కొలుస్తున్నాడు. తలెత్తి చూసి మళ్ళీ రిబ్బనులోకే చూశాడు.

"మామా, ఫోను..."

"నేను మాట చెప్తా ఉంటే మొహాన తలుపేసినట్టు మూసినావే. ముప్పై ఏండ్లుగా ఈ బజార్లో ఉండా. బేరం కుదరనోడు గూడా అట్ల చెయ్యలేదబ్బాయా."

"నేను మూయలేదు మామా, అదే మూసుకుంది. దీనికి మడత దగ్గర జబ్బు. పూర్తిగా తెరిస్తే పలకదు, చూడండి" అని ఆయన కళ్ళ ముందు పూర్తిగా తెరిచాను. నీలంగా, నిండుగా, కొన్న రోజున వెలిగినట్టు వెలిగింది. మళ్ళీ తెరిచాను. మళ్ళీ వెలిగింది. డాక్టరు ముందు కూర్చోగానే దగ్గు మాయమైనట్టు, దాని జబ్బంతా ఆ కొట్టు గడప దగ్గరే ఆగిపోయింది. రిబ్బన్ల మామ దాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు. తెరిచాడు, మూశాడు. "బాగనే ఉండాది గదా" అన్నాడు. ఇంకోసారి తెరిచి మూశాడు. ఆయన మొహంలో ఏదో మారింది. ఆ చప్పుడు ఆయనకు నచ్చింది! ఒక చేత్తో రిబ్బను చుడుతూ, ఇంకో చేత్తో టప్, టప్ అనిపిస్తూనే ఉన్నాడు. నేను ఇంకాస్త దగ్గరికి జరిగి, "మామా, ఇందాక... పాప ఏమనిందంటే, అన్నారు..." అన్నాను.

ఆయన గోడగడియారం చూసి నాలుక కరుచుకున్నాడు. "ఇప్పుడు యమగండం అబ్బాయా. నాలుగున్నర దాకా నోరెత్తకూడదు. అదీగాక కొట్లో ఎట్ల చెప్పేది?"

నా జీవితమంతా ఆ మనిషి నోట్లో ఉంది, ఆ నోరు నాలుగున్నరకు గానీ తెరుచుకోదు. ముళ్ళమీద కూర్చోవడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. స్టూలు మీద కూర్చుని, కాలు ఆడిస్తూ, జడపిన్నుల డబ్బా మూత తీసి పెడుతూ ఉంటే ఆయన కాసేపు చూసి, ఒక సంచీడు పిన్నులూ, కొన్ని అట్టలూ నా ముందు పెట్టి, "చేతులు ఊరికే ఉండలేవు గదా, ఇయ్యి గుచ్చు" అన్నాడు. గుచ్చాను. ప్రతి అట్టకూ ఆయన మొహంలోకి చూసేవాణ్ణి, ఏమైనా తెలుస్తుందేమోనని. పెళ్ళికొడుకు కాబోయేవాడికి ఎవరైనా పని చెబుతారా? చెప్పరు, కాబట్టి సంబంధం వద్దు. పరాయివాడికి పని చెబుతారా? చెప్పరు, కాబట్టి నేను వాళ్ళవాణ్ణే. ఇలా ఒక్కో పిన్నుకూ ఒక్కో నిర్ణయానికి వస్తూ ఉండగా, ఆయన చేతిలో టప్‌టప్ ఆగిపోయింది. చూస్తే ఆయన మొహం పాలిపోయి ఉంది. "అబ్బాయా... ఇది నల్లగా అయిపోయినాదే. నేను పాడు చేసినానా?" అన్నాడు. జబ్బు తిరిగి వచ్చిందన్న సంతోషంలో నేను లేచి నిలబడి, "అదే మామా, అదే!" అన్నాను. పోయిన ఫోనును చూసి ఎగిరి గంతేసిన మనిషిని ఆయన అంతకుముందు చూసి ఉండడు.

సరిగ్గా అప్పుడు ఆమె ప్రెస్సు పని ముగించుకుని కొట్టులోకి వచ్చింది. ఒళ్ళంతా చెమటతో, చొక్కా జేబుకు జడపిన్నులు గుచ్చుకుని నిలబడ్డ నన్నూ, నల్లబడ్డ ఫోనునూ, దోషిలా కూర్చున్న మేనమామనూ చూసింది. ఆ నవ్వు మళ్ళీ వచ్చింది, ఈసారి ఆపుకోలేదు. మామ జరిగింది చెప్పాడు. ఆమె ఫోను తీసుకుని, "యాడ దాకా తెరిస్తే పలకతాది?" అని నన్ను అడిగింది. నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. నేను చూపించాను. ఒక పిన్నుల అట్టను మడిచి రెండు రెక్కల మధ్య ఇరికించి, పైనుంచి రబ్బరు బ్యాండు బిగించింది. ఇక అది మూసుకోదు, తెరుచుకోదు. నా చేతికి ఇస్తూ, "చూపుల పొద్దు మా ఇంట్లో గూడా దీన్ని ఆడిస్తానే ఉంటిరి. మా అమ్మ అడుగుతా ఉండాది, ఆ పిల్లోడు ఎవరికైనా సైగ చేస్తా ఉండాడా అని" అంది. నవ్వు దేనికో అప్పటికి తెలిసింది. జవాబు మాత్రం తెలియలేదు.

నాలుగున్నర కొట్టింది. రిబ్బన్ల మామ కండువా దులుపుకుని లేచి, "తెగిన మాట తెగిన తావనే కలపాల. నువ్వు ఈడనే ఉండు" అని, చొక్కా జేబులో ఉన్న ఒకే ఒక్క రూపాయి బిళ్ళ తీసుకుని, రోడ్డు దాటి టీకొట్టు దగ్గరికి వెళ్ళాడు. అక్కడి నుంచి నాకు ఫోను చేశాడు. ఆయన నాకు కనిపిస్తూనే ఉన్నాడు, గట్టిగా అరిస్తే వినిపించేంత దూరం. కొట్టు గడప బయట నేను, నాకు కొంచెం ఎడంగా ఆమె. ఇక తెరిచే పని లేదు కాబట్టి మీట నొక్కి, రబ్బరు బ్యాండు వేసిన ఫోనును రెండు చేతులా చెవికి ఆనించి పట్టుకున్నాను.

"ఏమబ్బాయా, బాగుండావా? అవ్వ బాగుండాదా?" శుభమైన మాట కదా, మొదటి నుంచీ రావాలి. మోకాళ్ళ నొప్పి వచ్చింది. అక్క వచ్చింది. చిన్నాయన వచ్చాడు. ఈసారి ఆయన ఏ బస్సులో వచ్చాడో కూడా వచ్చింది. నేను ఊపిరి బిగబట్టి, వేళ్ళను వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాను. "...పాపని గూడా అడిగినాం. పాప ఏమనిందంటే..."

కుయ్, కుయ్, కుయ్ అని, లైను తెగిపోయింది. రూపాయి అయిపోయింది.

నేను ఫోను వైపు చూశాను. మూసుకోలేదు, బ్యాండు బ్యాండులాగే ఉంది. రోడ్డవతల రిబ్బన్ల మామకు ఇదేమీ తెలియదు. ఆయన టీకొట్టు గోడకేసి తిరిగి, ఖాళీ రిసీవరులోకి చేతులు ఊపుతూ, అతి ముఖ్యమైన మాట చెబుతూనే ఉన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు పక్కనుంచి, ఆయన వైపే చూస్తూ, చాలా మెల్లగా ఆమె అంది:

"సరే అనింది."

మామ తిరిగి వచ్చి, నా మొహం చూసి, "ఇన్నావా అబ్బాయా? అంతా బాగా ఇనబడినాదా?" అన్నాడు. "బాగా వినబడింది మామా" అన్నాను. ఆయన తృప్తిగా ఆ టీకొట్టు నుంచే ముగ్గురికీ టీ తెప్పించాడు. పెళ్ళిలోనూ, ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ, "నా నోటి మాటతో కుదిరిన సంబంధం" అని అందరితో చెప్పుకున్నాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా తల ఊపేవాళ్ళం. (అవ్వకు మాత్రం చెప్పేశాను. "తెగితే అచ్చిరాదన్నావు కదా, రెండుసార్లు తెగింది" అంటే, "కలిపింది ఎవరో చూసుకోరా" అంది.)

ఈమధ్య మడత ఫోన్లు మళ్ళీ వచ్చాయి, ఈసారి మడిచే అద్దంతో. మా అమ్మాయి షాపుకు తీసుకెళ్ళి ఒకటి చూపించింది. తెరిచాను, మూశాను. తెరిచాను, మూశాను. షాపు కుర్రాడు మర్యాదగా నా చేతిలోంచి తీసుకునేలోపే వెనకనుంచి మా ఆవిడ, "చాలు పెట్టెయ్యండి, పాపం ఎవరి మాట తెగిపోతా ఉందో" అంది. ఇంటికి వచ్చి పాత ఫోను వెతికి తీశాను. ప్రాణం ఎప్పుడో పోయింది. అట్ట ముక్క పసుపుపచ్చబడింది, రబ్బరు బ్యాండు కరిగి రేకుకు అతుక్కుపోయింది. అది మాత్రం ఇంకా సగమే తెరుచుకుని ఉంది. దాన్ని చెవికి ఆనించుకుంటే, చప్పుడేమీ లేదు గానీ, అంబత్తూరు రైల్లో తలుపు దగ్గర నిలబడి, పాప ఏమనిందో తెలియక టప్‌టప్‌మని వేగిపోతున్న ఒక కుర్రాడు కనిపించాడు. వాడి భుజమ్మీద చెయ్యి వేసి చెప్పాలనిపించింది: కాస్త కూర్చోరా నాయనా, సరే అనింది.